వ్యాపారమూ కాపురమూ ఒకేసారి: ఇబ్బందిని దాటించే గడువు

పెళ్లయిన రెండు మూడేళ్లలోనే చిన్న వ్యాపారం పెట్టుకుని, అది నిలబడకముందే తొలి బిడ్డకు తల్లిదండ్రులయ్యే జంటలు తెలుగు పట్టణాల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తాయి. టిఫిన్ సెంటర్, టైలరింగ్ షాపు, సెల్‌ఫోన్ రిపేరు దుకాణం, కర్రీ పాయింట్, ఫ్లెక్సీలు వేసే ప్రింటింగ్ షాపు, ఏదైనా కావచ్చు. పెట్టుబడిలో కొంత సొంత పొదుపు, కొంత పెళ్లినాటి బంగారం తాకట్టు మీద తెచ్చినది, మిగిలినది అప్పు. మొదటి రెండేళ్ల ఇబ్బందిని తట్టుకుని కొన్ని కుటుంబాలు నిలదొక్కుకుంటే, అంతే కష్టపడిన మరికొన్ని చితికిపోతాయి. ఎందుకిలా జరిగిందని అడిగితే పట్టుదల, ఓర్పు, ధైర్యం అనే గుణాల్లోనే లోకం కారణం వెతుకుతుంది. ఆ గుణాల విలువను ఎవరూ కాదనరు గానీ, ఆర్థికశాస్త్రంలోనూ కుటుంబ మనస్తత్వశాస్త్రంలోనూ గత నలభై ఏళ్లలో జరిగిన పరిశీలనలను పక్కపక్కన పెట్టి చదివితే, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఎప్పుడు కట్టాలి, ఆ నడుమ రోజులను ఎవరు ఎంత వెల చెల్లించి నెట్టుకొస్తున్నారు అనే ప్రశ్నలకు దొరికే జవాబులే చాలా కుటుంబాల గతిని నిర్ణయించినట్టు తేటపడుతుంది. చితికిపోయిన కుటుంబానికి ధైర్యం చాలలేదనడం తరచుగా అన్యాయమే అవుతుంది. వారికి చాలనిది గడువు.

ఈ మాట అర్థం కావాలంటే లాభానికీ నగదుకీ ఉన్న తేడాను ముందుగా గుర్తించాలి. ఒక టైలరింగ్ షాపుకు స్కూలు యూనిఫారాల ఆర్డరు 2 లక్షల రూపాయలకు వచ్చిందనుకుంటే, బట్టకు 90 వేలు, కుట్టుకూలికి 60 వేలు, అద్దెకూ కరెంటుకూ 15 వేలు పోగా 35 వేలు మిగులుతాయి కాబట్టి కాగితం మీద అది మంచి బేరమే. అయితే బట్ట కొనవలసింది మే నెలలో, కుట్టుపనివారికి డబ్బు ఇవ్వవలసింది వారం వారం, స్కూలు యాజమాన్యం చెల్లించేది పిల్లల ఫీజులు వసూలైన తరువాత ఆగస్టులో. నడుమ మూడు నెలలు ఆ షాపు 1 లక్ష 65 వేల రూపాయలను ఎక్కడినుంచో తెచ్చి బయటపెట్టి కూర్చోవాలి. ఇలా సరుకులోనూ బాకీల్లోనూ చిక్కుకుని ఉండే డబ్బునే వర్కింగ్ క్యాపిటల్, అంటే నిర్వహణ పెట్టుబడి అంటారు. మిషన్లకూ అడ్వాన్సుకూ ఎంత కావాలో లెక్కవేసుకుని షాపు తెరిచినవారు కూడా ఈ రెండో పెట్టుబడిని మరిచిపోతారు. లాభంలో ఉన్న దుకాణం మూతపడటం వినడానికి వింతగా ఉన్నా, చిన్న వ్యాపారాల్లో అది మామూలుగా జరిగేదే.

ఇంటి ఖర్చు నడిచే తీరు దీనికి పూర్తిగా విరుద్ధంగా ఉంటుంది. అద్దె ఒకటో తారీకుకు కట్టాలి, పాలు రోజూ పోయించుకోవాలి, గర్భిణికి స్కానింగు డాక్టరు చెప్పిన వారంలోనే తీయించాలి, పసిబిడ్డకు జ్వరం వస్తే స్కూలు యాజమాన్యం చెక్కు ఇచ్చేదాకా ఆగమనడానికి వీలుండదు. వ్యాపారపు రాబడి ఆలస్యంగానూ విడతలుగానూ వస్తుంటే ఇంటి అవసరం తక్షణమూ నిత్యమూ అయినప్పుడు, ఆ రెండింటి మధ్య ఖాళీని అప్పు పూరిస్తుంది. ఏ అప్పు పూరించిందన్న దానిమీద తరువాతి కథంతా ఆధారపడుతుంది.

తెలుగునాట అప్పు వెలను నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24 శాతం, 2004 తరువాత మహిళా పొదుపు సంఘాల రుణాలతో ఇంటింటికీ తెలిసిన పావలా వడ్డీ అంటే 3 శాతం. ఈ లెక్క అందరికీ కంఠతా వచ్చినదే అయినా, మార్కెట్ వీధుల్లో డైలీ ఫైనాన్స్ అని పిలిచే అప్పు దగ్గరికి వచ్చేసరికి దారి తప్పుతుంది. 10 వేలు అడిగినవారికి వెయ్యి రూపాయలు ముందే పట్టుకుని 9 వేలు చేతికిచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు వసూలు చేయడం ఇందులో ఒక సాధారణ పద్ధతి. పదివేలకు వెయ్యే కదా అనిపించినా, అసలు రోజురోజుకూ తీరిపోతుంటుంది కాబట్టి ఆ 100 రోజుల్లో సగటున వారు వాడుకునేది 9 వేలలో సగానికి కాస్త మించినంత మాత్రమే. ఆ వాడకానికి వెయ్యి రూపాయలంటే ఏడాదికి దాదాపు 78 శాతం, ఊరి లెక్కలో ఆరున్నర రూపాయల వడ్డీ.

వడ్డీ రేటు ఒక్కటే చూసి ఈ అప్పును తీసిపారేయడం కూడా సరికాదు. తెల్లవారుజామున మార్కెట్‌లో కూరగాయలు కొని సాయంత్రానికి అమ్ముకునే బండివారికి పెట్టుబడి అదే రోజు లాభంతో సహా తిరిగివస్తుంది కాబట్టి, రోజువారీ వాయిదా వారి రాబడి నడకకు సరిపోతుంది. ఆ 9 వేలను 100 రోజుల్లో ఎన్నోసార్లు తిప్పుకోగలరు. అదే అప్పుతో కుట్టుమిషను కొన్నవారి పరిస్థితి వేరు. మిషను తన ఖరీదును రెండు మూడేళ్లలో తీరుస్తుంది, వాయిదా మాత్రం మర్నాటి నుంచే మొదలవుతుంది. ఆ తేడా ఇంటి ఖర్చులోంచి, చివరికి మరో డైలీ ఫైనాన్స్ నుంచి తీరుతుంది. ఒక అప్పు తీర్చడానికి ఇంకొకటి చేసే వరస సాధారణంగా ఇక్కడే మొదలవుతుంది. గడువే లేని అప్పు అన్నిటికన్నా ప్రమాదకరమైనది. కాల్‌మనీ అనే పద్ధతిలో అప్పిచ్చినవాడు పిలిచి అడిగిన రోజునే మొత్తం చెల్లించాలి. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ దారుణాలు, ఈ షరతును అడ్డం పెట్టుకుని ఇళ్లమీదికి, ముఖ్యంగా ఆడవాళ్ల మీదికి వచ్చే వేధింపు ఎంత దూరం వెళ్లగలదో రాష్ట్రానికంతటికీ చూపాయి.

అంతకు అయిదేళ్ల ముందే ఇదే ప్రాంతం సూక్ష్మరుణ సంక్షోభాన్ని చవిచూసింది. సూక్ష్మరుణమంటే తాకట్టు అడగకుండా, సాధారణంగా మహిళలకు బృందంగా ఇచ్చే చిన్న అప్పు. ఒకరు కట్టలేకపోతే మిగిలినవారు కట్టాలి. ఒకే ఇంటికి నాలుగైదు కంపెనీలు పోటీపడి అప్పులిచ్చి, వారం వారం ఇంటిముందు కూర్చుని వసూలు చేసిన ఫలితంగా ఆత్మహత్యల వార్తలు వెలువడటంతో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చి ఇళ్ల దగ్గర వసూళ్లను ఆపించింది. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి అమలుచేస్తున్న నిబంధనల ప్రకారం ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం గల కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదే సూక్ష్మరుణం, ఆ కుటుంబం నెలనెలా కట్టే అన్ని వాయిదాల మొత్తం నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదు. అప్పు తీసుకునేది పేరుకు ఒక మనిషి అయినా మోసేది ఇల్లంతా అన్న గుర్తింపు ఈ నిబంధనలో ఉంది. అది ఇంకా ముందే వచ్చి ఉంటే ఎన్ని కుటుంబాలు బయటపడేవో అనిపించక మానదు.

అప్పు వల్ల చిన్న వ్యాపారాలు నిజంగా ఎదుగుతాయా అన్న ప్రశ్నకు ప్రపంచంలోనే ప్రసిద్ధమైన జవాబుల్లో ఒకటి హైదరాబాదు బస్తీల నుంచి వచ్చింది. తరువాత 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మరి ఇద్దరు ఆర్థికవేత్తలతో కలిసి అక్కడి 104 బస్తీలను తీసుకుని, చీటీలు వేసినట్టు ఎంపిక చేసిన సగం బస్తీల్లో మాత్రమే సూక్ష్మరుణాలు అందుబాటులోకి వచ్చేలా చూసి రెండు గుంపులనూ పోల్చారు. 2015లో వెలువడిన వారి వ్యాసం ప్రకారం అప్పటికే వ్యాపారం నడుపుతున్నవారు పెట్టుబడి పెంచుకోగలిగారు గానీ, సగటు కుటుంబపు ఖర్చు స్థాయిలోనూ ఆరోగ్యం, చదువుల విషయంలోనూ చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. కోల్‌కతాలో ఎరికా ఫీల్డ్, రోహిణి పాండే బృందం చేసిన ప్రయోగం వాయిదాల సంగతినే సూటిగా పరీక్షించింది. కొందరు మహిళలకు అప్పిచ్చిన రెండు వారాలకే వాయిదాలు మొదలుపెట్టి, మరికొందరికి రెండు నెలల వ్యవధి ఇచ్చి చూస్తే, వ్యవధి దొరికినవారు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, మూడేళ్ల తరువాత వారి లాభాలు కూడా ఎక్కువగా ఉన్నాయి. వారిలో బాకీ ఎగవేతలు కూడా కొంత పెరిగాయని ఆ పరిశోధకులే నమోదు చేశారు. వ్యవధి ఇస్తే సాహసించే వీలు కలుగుతుంది, సాహసాల్లో కొన్ని విఫలమవుతాయి. అదే బృందం మరో పరిశీలనలో వారం వాయిదాలను నెల వాయిదాలుగా మార్చినప్పుడు అప్పు తీసుకున్నవారిలో ఆందోళన బాగా తగ్గినట్టు కనుగొంది. ఈ మార్పులో పెరిగింది గడువు ఒక్కటే.

తెలుగువారి చిట్టీని కూడా ఈ దృష్టితోనే చూడాలి. ఇరవైమంది నెలకు 5 వేల చొప్పున వేసుకునే లక్ష రూపాయల చిట్టీలో అవసరం ఉన్నవారు పాటలో 25 వేలు తగ్గించుకుని 75 వేలకు పాడుకుంటే, ఆ 25 వేలలో నిర్వాహకుడి కమిషను 5 వేలు పోగా మిగిలిన 20 వేలు అందరికీ తలా వెయ్యి చొప్పున తగ్గింపుగా వస్తాయి. కాన్పు ఏ నెలలో ఉందో, సీజను సరుకు ఎప్పుడు కొనాలో ముందే తెలిసిన జంటకు, తమకు కావలసిన నెలలో మొత్తం డబ్బు ఎత్తుకునే వీలు ఇందులో ఉంది. తొందరపడి మొదట్లోనే పాడుకుంటే మాత్రం అది ఖరీదైన అప్పుగా మారుతుంది. 1982 నాటి చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్టరైన చిట్టీకీ, పరిచయం మీద నడిచే చిట్టీకీ మధ్య తేడా నిర్వాహకుడు పారిపోయిన రోజున గానీ చాలామందికి తెలియకపోవడం విచారకరం.

డబ్బు బిగుతు కుటుంబ బంధాలను ఏ వరసలో దెబ్బతీస్తుందో అమెరికాలోని అయోవా రాష్ట్రపు రైతుకుటుంబాల అధ్యయనం వివరంగా చెప్పింది. 1980ల్లో అక్కడ వడ్డీ రేట్లు పెరిగి భూముల ధరలు పడిపోవడంతో వేలాది కుటుంబాలు అప్పుల్లో కూరుకుపోయాయి. ఆ తరువాత 1989 నుంచి సామాజిక శాస్త్రవేత్త ర్యాండ్ కాంగర్, గ్లెన్ ఎల్డర్, వారి సహచరులు 451 గ్రామీణ కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. ఆదాయం తగ్గడం నేరుగా దాంపత్యాన్ని దెబ్బతీయలేదు. బిల్లు కట్టలేకపోవడం, కొనవలసినది మానుకోవడం వంటి రోజువారీ ఒత్తిడి ముందుగా భార్యాభర్తల్లో విడివిడిగా దిగులును, చిరాకును పెంచింది. ఆ దిగులు పరస్పర కాఠిన్యంగా మారింది. ఆ కాఠిన్యం పిల్లల పెంపకంలోకి పాకి చివరకు పిల్లల ప్రవర్తనలో బయటపడింది. దీనినే కుటుంబ ఒత్తిడి నమూనా అంటారు.

ఆ గొలుసు ఎక్కడ తెగుతుందో కూడా ఆ పరిశోధకులు చూశారు, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. 1999లో ప్రచురించిన విశ్లేషణలో, భార్యాభర్తలు ఒకరినొకరు ఊరడించి అండగా నిలిచే ఇళ్లలో డబ్బు ఒత్తిడి దిగులుగా మారడం తక్కువగా కనిపించింది. తగాదా వచ్చినా ఒక నిర్దిష్టమైన సమస్యను ముందుపెట్టుకుని పరిష్కారం వెతకగల జంటల్లో ఆ తగాదా తెచ్చే హాని తగ్గింది. అండ అంటే ఇక్కడ ఓదార్పు మాటలు మాత్రమే అనుకుంటే పొరపాటు. షాపు బాకీ ఎంతుందో భార్యకు తెలియని ఇంట్లో ఆమె పాలు తగ్గించి పోయించుకోవడం పొదుపు కాక శిక్షలా తోస్తుంది; తెలిసిన ఇంట్లో ఆ పనే ఇద్దరూ కలిసి చేసుకున్న నిర్ణయమవుతుంది. మరొక సంగతిని కూడా దీనితో కలిపి చూడాలి. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, చేతిలో డబ్బులేని రోజుల్లో ఇచ్చిన మానసిక పరీక్షల్లో వచ్చిన ఫలితాలు, కోత తరువాత అదే రైతులకు వచ్చిన ఫలితాలకన్నా తక్కువగా ఉన్నాయని ఆనంది మణి, సెంథిల్ ములైనాథన్ తదితరులు 2013లో ప్రకటించారు. డబ్బు కొరత ఆలోచనలో పెద్దభాగాన్ని తనవైపే లాక్కుంటుంది కాబట్టి మిగతా విషయాల్లో తప్పటడుగులు పడతాయన్నది వారి వాదన. దుకాణం బాకీల నడుమ ఇంటికి వచ్చి బిడ్డ మందు వేళ మరిచిపోయిన తండ్రిని బాధ్యత లేనివాడని తేల్చేముందు ఈ మాటను గుర్తుంచుకోవాలి.

ఇన్ని లెక్కల్లోనూ కనిపించని పెట్టుబడి భార్య శ్రమ. తొలి కాన్పు పుట్టింట్లో జరిపించే తెలుగువారి ఆచారం కాన్పు ఖర్చునూ బాలింత సేవనూ పుట్టింటివారి మీదికి మళ్లించి కొత్త జంటకు కొన్ని నెలల ఊపిరి ఇస్తుంది. అదే సమయంలో, ఆమె పుట్టింటికి వెళ్లిన నెలలో షాపులో జీతానికి మనిషిని పెట్టుకోవలసి వచ్చినప్పుడు గానీ ఆమె అంతవరకు జీతం లేకుండా చేసిన పని ఎంతదో లెక్కకు రాదు. ఉద్యోగినికి 26 వారాల ప్రసూతి సెలవు ఇచ్చే చట్టం సొంత కొట్టులో పనిచేసే స్త్రీకి వర్తించదు; తొలి కాన్పుకు ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద వచ్చే 5 వేల రూపాయలే ఆమెకు దొరికే ఆసరాల్లో చెప్పుకోదగినది. 1981లో పుణెలో మొదలైన ఇన్ఫోసిస్ గురించి చెప్పేటప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణమూర్తికి భార్య సుధామూర్తి ఇచ్చిన 10 వేల రూపాయలనే అందరూ తలుచుకుంటారు గానీ, పసిబిడ్డ ఉన్న ఆ ఇంటికి ఆమె ఉద్యోగపు జీతం నెలనెలా చేసిన మేలు అంతకన్నా పెద్దది. ఒకరు వ్యాపారంలో దిగినప్పుడు మరొకరికి చిన్నదైనా స్థిరమైన రాబడి ఉండటం ఇల్లు నిలవడానికి దొరికే అత్యంత బలమైన ఆధారం.

బంగారం విషయంలో ఇళ్లలో నడిచే వాడుకకూ చట్టానికీ దూరం ఉంది. పెళ్లిలో స్త్రీకి వచ్చిన నగలు ఆమె స్త్రీధనమనీ, దానిమీద పూర్తి హక్కు ఆమెదేననీ సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టం చేసింది. కష్టకాలంలో భర్త వాడుకున్నా దానినో దాని విలువనో తిరిగి ఇచ్చే బాధ్యత అతనిదని 2024లో మరో తీర్పులో చెప్పింది. నగలు కుదువపెట్టి షాపు పెట్టినప్పుడు ఆ మొత్తాన్ని భార్య పేరున అప్పుగా పుస్తకంలో రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు, రావలసిన గౌరవమది. పుస్తకమంటూ తెరిచాక మరో రెండు అలవాట్లు సులభమవుతాయి. ఒకటి, యజమాని తనకు తాను నెలకు ఇంతని జీతం నిర్ణయించుకుని ఇంటి ఖాతాకు పంపి, గల్లాపెట్టెలోంచి ఇంటికి తీయడం మానడం; షాపు క్యూఆర్ కోడుకూ ఇంటి ఖర్చుకూ ఒకే బ్యాంకు ఖాతా వాడే ఈ రోజుల్లో ఇది మునుపటికన్నా కష్టమూ, మునుపటికన్నా అవసరమూ అయింది. రెండోది, అరువు మీద ఇచ్చిన ప్రతి బాకీకీ తేదీ రాయడం. వస్తువులు తయారుచేసే, సేవలందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలుదారు 45 రోజుల లోపు చెల్లించాలనీ, దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలనీ 2006 నాటి చట్టం చెబుతున్నది; సరుకు కొని అమ్మే వర్తకులకు ఈ రక్షణ లేదు. గిరాకీ పోతుందన్న భయంతో చాలామంది ఈ హక్కును అడగరు, ఆ భయం అకారణమైనదీ కాదు. అయినా తేదీతో కూడిన బిల్లు చేతిలో ఉన్న టైలరు ఆగస్టు దాకా ఎదురుచూడకుండా జూలైలోనే మాట్లాడగలడు.

ఇంత చేసినా వ్యాపారం మునిగే అవకాశం ఉంటుంది కాబట్టి, అప్పులవారికి అందకుండా ఇంటికి ఏది మిగులుతుందో ముందే తెలుసుకోవడం మంచిది. సొంత పేరుతో నడిచే కొట్టుకూ యజమానికీ చట్టం దృష్టిలో తేడా లేదు. కొట్టు బాకీకి ఇల్లు కూడా జవాబు చెప్పాలి. 2008 చట్టం కింద పరిమిత బాధ్యత భాగస్వామ్యంగా నమోదు చేసుకుంటే ఆ బాధ్యతకు హద్దు ఏర్పడుతుంది గానీ, బ్యాంకు వ్యక్తిగత హామీ అడిగినప్పుడు ఆ హద్దు చెరిగిపోతుంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం డిక్రీ వచ్చినా బాకీదారు కుటుంబపు కట్టుబట్టలను, వంటపాత్రలను, పరుపులను, చేతివృత్తివారి పనిముట్లను, మతాచారం ప్రకారం స్త్రీ ఒంటినుంచి తీయకూడని నగలను జప్తు చేయకూడదు. ఇక 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 6వ సెక్షను కింద భర్త తన జీవితబీమా పాలసీని భార్యాబిడ్డల ప్రయోజనం కోసమని రాయించి తీసుకుంటే, ఆ డబ్బు వారి కోసం ఉంచిన ట్రస్టుగా మారి అప్పులవారికి అందదు. దానిమీద అతను కూడా తన అవసరానికి అప్పు తెచ్చుకోలేడు. అప్పులవారిని ఎగవేయాలన్న ఉద్దేశంతో తీసుకున్న పాలసీకి ఈ రక్షణ వర్తించదు కాబట్టి బాకీలు ముదిరాక దీనిని ఆశ్రయించి లాభం లేదు. పాలసీ తీసుకునేటప్పుడే దరఖాస్తుతో పాటు అదనంగా ఒక పత్రం నింపి సంతకం చేయాలి, ఏజెంటు గుర్తుచేయకపోతే ఆ పత్రాన్ని అడిగి తీసుకోవాలి.